జాజికాయ పేరులో ఆరు అక్షరాలు

డల్సీ నోయెల్, నేను మా దీవిలోని గ్వావ్ ఊళ్ళో జాజికాయల గోదాములో ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మంచి కాయ ఒక బుట్టలోకి, పుచ్చిన కాయ ఇంకో బుట్టలోకి. చేతులకి పని ఉంటుంది కానీ నోటికి ఉండదు. అందుకని మేమంతా ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. డల్సీ మాత్రం మాటలు వెతికేది.

ఎవరైనా నాలుగు అక్షరాలిస్తే చాలు, అవన్నీ ఉన్న ఇంగ్లీషు మాట ఎంత పొడుగైనది దొరుకుతుందా అని చూసేది. ఒకసారి మా బల్ల దగ్గరే కూర్చునే మెర్ల్ ఆమెని ఆటపట్టించాలని, "అయిదు అచ్చులూ ఉండాలి డల్సీ అక్కా. ఎడ్యుకేషన్ అనకు, అది మా బడిపిల్లలూ చెప్తారు," అంది.

"కాలీఫ్లవర్," అంది డల్సీ, కాయల మీంచి తల ఎత్తకుండా.

మెర్ల్ వేళ్ళు మడిచి చూసుకుంది. అయిదూ ఉన్నాయి. "పొద్దున్నే కూర కోసి వచ్చినట్టుంది ఈవిడ," అని గొణిగింది. అందరం నవ్వాం.

డల్సీ నాలుగో తరగతితో చదువు మానేసింది. తల్లి మంచాన పడితే తమ్ముళ్ళని పెంచింది. ఇంట్లో బైబిలు తప్ప పుస్తకం లేదు. చేపలు చుట్టిచ్చిన పాత పేపర్లు, డబ్బాల మీద కాగితాలు చదివే అన్ని మాటలు పోగేసింది. నిఘంటువు కొనుక్కోవే అంటే, "ఉన్నవి అరగనీ," అనేది.

ఒక ఏడు జాలర్ల పండగకి లైబ్రరీవాళ్ళు పోటీ పెట్టారు. జాజికాయ ఇంగ్లీషు పేరు నట్‌మెగ్‌లో ఉన్న ఆరు అక్షరాలూ, ఎన్, యు, టి, ఎమ్, ఇ, జి, ఏ వరసలోనైనా సరే, ఉన్న మాట చెప్పాలి. ఎవరి మాట పొడుగైతే వాళ్ళు గెలిచినట్టు. పుస్తకం చూడకూడదు. గడువు అరగంట. బహుమతి పెద్ద నిఘంటువు.

డల్సీ పేరు నేనే ఇచ్చాను. తెలిసి నా మీద మండిపడింది.

"కత్‌బర్ట్ మాస్టారు కూర్చుంటాడటగా. ఆయన ముందు నన్ను నిలబెడతావా?"

"ఆయనకి మాత్రం రెండు తలలున్నాయా?" అన్నాను.

కత్‌బర్ట్ అలెక్సీ మా పెద్దబడికి ఇరవై ఏళ్ళు హెడ్‌మాస్టరు. రిటైరైనా, ఎండలో కూడా కోటు విప్పని మనిషి.

శనివారం మధ్యాహ్నం చర్చి హాలు నిండిపోయింది. పోటీకి కూర్చున్నది తొమ్మిదిమంది. డల్సీ కాగితం ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు కాయలు ఏరుతున్నట్టే కదుపుతూ కూర్చుంది. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఆమె గొణుగుడు నాకు వినిపిస్తూనే ఉంది.

మిగతావాళ్ళు మాటని మొదటినుంచి వెతుకుతారు. డల్సీ తోకనుంచి వెతికేది. 'మెంట్' అనే తోక తీసుకుంటే నాలుగు అక్షరాలు ఒకేసారి వచ్చేస్తాయి, మిగిలేవి యు, జి. ఆర్గ్యుమెంట్. ఎనిమిదే అక్షరాలు, పొట్టిది. దాన్ని వదిలేసింది. 'ఇంగ్' అనే తోక పట్టుకుంది. స్టాండింగ్. అండర్‌స్టాండింగ్. పదమూడు అక్షరాలొచ్చాయి, ఎమ్ ఒక్కటే రాలేదు. అక్కడ ఆగిపోయింది. నుదుటిమీద చెమట పట్టింది. గడియారంలో రెండు నిమిషాలున్నాయి.

అప్పుడు కళ్ళు తెరిచింది.

గడువు అయ్యాక మాస్టారు ముందు వెళ్ళి బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'కౌంటర్‌ఆర్గ్యుమెంట్' రాశారు. పదిహేను. హాలంతా చప్పట్లు. మిగతావాళ్ళ మాటలేవీ అంత పొడుగు రాలేదు. చివరికి డల్సీ లేచింది. సుద్దముక్క పట్టుకుని యాభై ఏళ్ళయింది. మొదట అక్షరాలు పెద్దవిగా పడ్డాయి, బోర్డు అంచుకి వచ్చేసరికి చోటు చాలక చివరివి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. మిస్‌అండర్‌స్టాండింగ్.

లైబ్రరీ అమ్మాయి జాయ్‌లిన్ కర్రతో లెక్కపెట్టి, "పదిహేను. ఇద్దరూ సమానం," అంది.

డల్సీ చేతికంటిన సుద్ద గౌనుకి తుడుచుకుని, "సరేలే అమ్మా," అని వెనక్కి తిరిగింది. మళ్ళీ లెక్కపెట్టమని ఆమె నోరు విప్పి అడగదని నాకు తెలుసు. నేను లేవబోయాను. ఈలోగా మాస్టారే లేచారు.

"జాయ్‌లిన్, మళ్ళీ లెక్కపెట్టు తల్లీ."

"పెట్టాను మాస్టారూ."

"చివర ఐ, ఎన్ కలిసిపోయి నీకు ఒకటిగా కనపడ్డాయి. పదహారు. నేను ఓడిపోయాను."

జాయ్‌లిన్ వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కించింది. పదహారే.

మాస్టారు మా అందరివైపు తిరిగారు. "మూడో తరగతిలో ఈవిడ నా పక్కన కూర్చునేది. నాకు స్పెల్లింగు ఈవిడే నేర్పింది. స్కాలర్‌షిప్పు పరీక్షనాటికి ఈవిడ బళ్ళో లేదు కాబట్టి అది నాకొచ్చింది. ఈ ముక్క నేను ఎప్పుడో చెప్పాల్సింది."

"నువ్వు బిగినింగ్ మధ్యలో రెండు ఎన్‌లకి ఒక్కటే వేసేవాడివి కత్‌బర్ట్," అంది డల్సీ. హాలంతా గొల్లుమంది. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు. ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అని పిలిచినవాళ్ళని నేను అంతవరకు చూడలేదు.

సోమవారం డల్సీ నిఘంటువు బల్ల దగ్గరికి తెచ్చింది. మధ్యాహ్నం వేయించిన బేక్స్ రొట్టెలు తింటూ పేజీలు తిప్పి, మూసేసింది.

"ఏమైందే?" అన్నాను.

"ఇది రాసినవాడు మాటలన్నిటినీ తలలతో పేర్చాడు. తోకలతో పేర్చింది కావాలి నాకు."

ఈ మాట ఎవరు మోశారో గానీ, బుధవారం మాస్టారు గోదాముకి వచ్చారు. చేతిలో కొత్త నోటుబుక్కు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, మా బల్ల చివర కూర్చున్నారు.

"ఏ తోకతో మొదలుపెడదాం డల్సీ?"

"ముందు ఆ బుట్ట ఇటు జరుపు. కాళ్ళకి అడ్డం," అంది డల్సీ. కాసేపు ఆలోచించి, "నెస్," అంది.

అప్పటినుంచి వారానికి రెండు రోజులు వస్తున్నారు. ఆమె చెబుతుంది, ఆయన రాస్తారు, సందేహం వస్తే నిఘంటువు తెరుస్తారు. ఇది మూడో నోటుబుక్కు. 'మెంట్' ఇంకా సగం కూడా కాలేదు.