విన్నది విన్నట్టు

మెట్లు పైనుంచి కిందికి కడగాలి. ఒక్కో మెట్టు తుడిచి, వెనక్కి ఒక అడుగు దిగి, మళ్ళీ తుడవాలి. కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్ళకు ఇది నేనే నేర్పిస్తాను. పదమూడేళ్ళుగా కాసాబ్లాంకాలోని ఈ ఆస్పత్రి మెట్లు నావే. వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. నేను తుడిచి వదిలిన మెట్టు మీద ఒక మనిషి నిలబడి ఉంటుంది. తలెత్తి చూస్తే ఎవరూ ఉండరు. తల దించి గుడ్డ పిండుకుంటుంటే మళ్ళీ వస్తుంది. రబ్బరు చెప్పులు, మడమల చుట్టూ వెలిసిపోయిన గోరింటాకు. తడి మెట్టు మీద అడుగు జాడ మాత్రం పడదు. ఆవిడ పేరు ఫద్మా. బతికి ఉందో లేదో నాకు తెలియదు. నా భయమంతా అదే.

మొన్న మంగళవారం ఉదయం రెండో అంతస్తు మెట్లు సగంలో ఉండగా నర్సు వచ్చి పిలిచింది.

"ఖదీజా, అదక్కడ పడేసి రా. మీవాళ్ళెవరో వచ్చారు. ఆ పిల్లకి అరబ్బీ ముక్క రాదట."

మీవాళ్ళంటే దక్షిణాన సూస్ కొండల్లోంచి వచ్చినవాళ్ళు, మా తషల్హీత్ మాట్లాడేవాళ్ళు. నా అసలు పేరు ఇజ్జా అని నర్సుకు తెలియదు. అత్తగారింట్లో అడుగుపెట్టిన రోజే అది ఖదీజా అయిపోయింది. ఆస్పత్రిలో నా పని శుభ్రం చేయడం. ఈ మాటలు మోసే పని నాకు ఎవరూ ఇవ్వలేదు, కానీ ఎప్పుడు పిలిచినా వెళ్ళాలి. గర్భసంచి తీసేయాలన్న కబుర్లూ, పురిట్లోనే బిడ్డ పోయిందన్న కబుర్లూ నా నోటి మీదుగానే వెళ్ళాయి. అవి చెప్పాక వాళ్ళ ఏడుపు కూడా నా ముఖం చూసే ఏడుస్తారు, డాక్టర్ అప్పటికి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాడు. నేను తిరిగొచ్చేసరికి సగం కడిగిన మెట్లు సగంలోనే ఉంటాయి. ఇంతసేపు ఎక్కడికి పెత్తనాలకు పోయావని మా మేస్త్రీ అడుగుతాడు. మా ఆయన అయితే, నీ కొండ భాషకి కూడా ఓ ఉపయోగం దొరికిందే అంటాడు.

మా ఇంట్లో నేను అరబ్బీ నేర్చుకున్న కథ పెద్ద వినోదం. చుట్టాలు వచ్చి, టీ గ్లాసులు ఒక వరస తిరిగాక, మా ఆయన బూషైబ్ వీపు వెనక దిండు సర్దుకుని మొదలుపెడతాడు. అందరికీ తెలిసిన కథే, అయినా చెప్పమంటారు. మా పెళ్ళయిన ఎనిమిదో రోజు, శుక్రవారం. కుస్కుస్ పళ్ళెం చుట్టూ మగవాళ్ళు కూర్చున్నారు. మామగారు సి మీలూద్ హజ్ చేసి వచ్చిన మనిషి, ఆయన ముందు దగ్గడానికి కూడా జంకేవాళ్ళు. నేను మంచి మాంసం ముక్క ఒకటి ఆయన వైపు జరిపి, తల వంచి, ఎంతో మర్యాదగా "తినవే" అన్నాను. ఆయన కొయ్యబారిపోయి చూస్తుంటే, మొహమాట పడుతున్నాడనుకుని "సిగ్గుపడకే" అని కూడా అన్నాను.

ఇక్కడికి వచ్చేసరికి చుట్టాలు పొట్టలు పట్టుకుంటారు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటాడు. బడిలో పాఠాలు చెప్పే మా మరిది కారణం కూడా విప్పి చెప్తాడు. వాళ్ళ భాషలో తిను అంటే ఆడా మగా అందరికీ ఒకటే మాటనీ, మనకేమో మగవాడికి ఒకలా, ఆడదానికైతే చివర 'వే' తగిలించి ఇంకోలా ఉంటుందనీ, పాపం వదినకి అది పట్టుబడలేదనీ అంటాడు. నేనూ నవ్వుతాను. నవ్వుతూనే గ్లాసులు ఏరుతాను. ఇరవై రెండేళ్ళుగా నేను కూడా ఆ కారణాన్నే నమ్మాను.

ఇప్పుడు ఆ తప్పు చేయను. నా మాట విని నువ్వు ఏ ఊరి పిల్లవని అడిగేవాళ్ళు లేరు. కూరగాయల బండివాణ్ణి దబాయిస్తాను, ఆఫీసుల్లో గుమాస్తాలతో పోట్లాడతాను, శాపనార్థాలు కూడా ఈ ఊరి ఆడవాళ్ళకు తీసిపోకుండా పెడతాను. భాష వచ్చేసిందని నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. వంటింట్లో చేయి కాలి "అమ్మా" అని అరిచాను. అరబ్బీలో అరిచాను. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఎవరి మెప్పు కోసమూ కాదు. మా అమ్మ విని ఉంటే ఎవరినో పిలుస్తోందిలే అనుకుని ఊరుకునేది. ఆ రోజు చాలాసేపు భయపడ్డాను. తర్వాత్తర్వాత ఆలోచనలు కూడా అందులోనే రావడం మొదలైంది. పొద్దున్నే లోపల ఒక గొంతు "లేవే" అంటుంది. "ఆ గిన్నె అలా వదిలేశావేం, ఎవరు తోముతారనుకున్నావే" అంటుంది. అది నా గొంతు కాదు. మా అత్తగారు లల్లా హ్నియా గొంతు, ముక్కుతో పలికే ఆ సాగదీతతో సహా ఆవిడదే. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మోసుకెళ్ళి మట్టి చేసి వచ్చిన మగవాళ్ళకు తెలియదు, ఆవిడ ఇంకా నా తలలో కూర్చుని పని చేయిస్తోందని. నాతో నేను మాట్లాడుకోవాలన్నా నాకు ఆవిడ గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. భాష వచ్చేకొద్దీ మా ఆయన చెయ్యి చేసుకోవడం కూడా తగ్గింది. ఆయనేం మారలేదు. నోరు తెరిచి అడక్కముందే ఏం కావాలో కనిపెట్టడం నాకు అలవాటైంది, అంతే. దాన్నే భాష బాగా రావడం అంటారనుకున్నాను.

ఫద్మా వచ్చిన నాటికి నాకు భాష వచ్చిందన్న పొగరు కొత్తగా ఉంది. పదకొండేళ్ళ కిందటి మాట. ఆవిడకు మణికట్టు విరిగింది. పక్కనే మొగుడు నిలబడి నన్నే చూస్తున్నాడు. డాక్టర్ గడియారం చూసుకుంటూ, ఎలా జరిగిందో అడగమన్నాడు. అడిగాను. మా ఆయన కొట్టాడు అంది ఫద్మా, మా భాషలో, దాచకుండా, వానొచ్చింది అన్నంత మామూలుగా. నేను డాక్టర్ వైపు తిరిగి "మెట్ల మీంచి జారిపడిందట" అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆ మాట అంత తేలిగ్గా, అంత చక్కని అరబ్బీలో దానంతటదే వచ్చేసింది. పక్కింటివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో మా అత్తగారు నేర్పిన వాక్యం అది. నా ముఖం వాచిన రోజుల్లో నేను వల్లించిన వాక్యం. డాక్టర్ రాసుకున్నాడు. ఫద్మా అన్న మాట మొగుడు విన్నాడు, నేను విన్నాను, డాక్టర్ ఒక్కడే వినలేదు. విన్నవాడితోనే ఆవిడ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది.

కట్టు కట్టించుకుని వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. ఎవరింట్లోనో మెట్లు తుడిచే పని చేసేదేమో, 'మెట్లు' అన్న ఆ ఒక్క మాట ఆవిడకు అరబ్బీలో తెలుసు.

"మా ఇంటికి మెట్లు లేవు కదక్కా," అంది.

కోపంగా అనలేదు. నేనేదో పొరబడ్డాననుకుని దిద్దినట్టు అంది. ఆ తర్వాత మళ్ళీ మా ఆస్పత్రికి రాలేదు. చాలాకాలం నేను వచ్చే పోయే వాళ్ళ కాళ్ళు చూశాను, రబ్బరు చెప్పుల కోసం.

మొన్న మంగళవారం వచ్చిన పిల్ల పేరు యమ్నా. ఇరవై దాటి ఉండవు. దవడ వాచింది, పక్కటెముకలు రెండు విరిగాయి, మంచం అంచున ఊపిరి చిన్నచిన్నగా తీసుకుంటూ కూర్చుంది. మొగుడికి కిరాణా కొట్టుంది. పద్ధతైన మనిషి, మా కొండలవాడే అయినా అరబ్బీ నాకన్నా బాగా వచ్చు. పై అరలోంచి నూనె డబ్బా దించబోయి స్టూలు మీంచి పడిందని అప్పటికే చెప్పేశాడు. నేను వెళ్ళేసరికి నర్సు అతణ్ణి బయట కూర్చోబెట్టింది. ఓరగా వేసిన తలుపు సందులోంచి అతని బూటు కొస కనిపిస్తోంది. డాక్టర్ చిన్న వయసువాడు, మంచివాడే. నేను అడగబోయేలోగా తనే ఒక్కో మాటా విడదీసి, ఎలా జరిగిందమ్మా, నీకు కొంచెమైనా అరబ్బీ వచ్చా అని ఆ పిల్లను అడిగాడు.

వచ్చని తలూపింది. పాఠం అప్పజెప్పేవాళ్ళలా వెన్ను నిలబెట్టుకుని, డాక్టర్ కళ్ళలోకి చూసి చెప్పింది.

"నోరు ముయ్యవే. గోడవైపు తిరగవే. ఏడవకే."

నర్సుకు నవ్వు ఆగలేదు. డాక్టర్ కూడా నవ్వాడు, అందులో చెడ్డతనం ఏమీ లేదు. "నన్ను ఆడపిల్లని చేసేసింది చూడు," అన్నాడు నాతో. "మీ కొండలవాళ్ళందరికీ ఇదే ఇబ్బంది కదూ?"

నేనూ నవ్వబోయాను. ఇరవై రెండేళ్ళ అలవాటు, పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. గోడవైపు తిరగవే అన్న మాట ఏ బడిలోనూ చెప్పరు, ఏ వీధిలోనూ వినపడదు. అది నేర్పే చోటు ఒక్కటే ఉంది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. నా ఏడుపు ముఖం చూస్తే మా ఆయనకు నిద్ర పట్టేది కాదు మరి. ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉండగానే నా మరిది చెప్పిన కారణం మొత్తం తప్పని తెలిసిపోయింది. మా భాషలో ఆడా మగా తేడా లేక కాదు నేను ఆ రోజు తడబడింది. అత్తగారింట్లో ఎనిమిది రోజుల పాటు నా చెవిన పడ్డ మాటలన్నీ తేవే, కడగవే, తుడవవే, జరగవే, లేవే. ఆ ఎనిమిది రోజుల్లో ఎవరూ ఒక్క మగవాణ్ణి ఒక్క పని చేయమనలేదు. మగవాళ్ళకు అన్నీ అడక్కముందే వచ్చేవి. మగవాడికి పని చెప్పేటప్పుడు మాట ఎలా మారుతుందో నాకెలా తెలుస్తుంది, ఆ మాటే ఆ ఇంట్లో పుట్టకపోతే? 'వే' అన్నది ఆ భాషలో ప్రతి మాటకూ పుట్టుకతోనే ఉంటుందనుకున్నాను. అందరూ తిన్నాక మిగిలింది నా ముందు పెట్టి "తినవే" అనేవాళ్ళు. నాతో అన్న మాటలన్నిట్లోకీ అదే దయగల మాట. ఏరి ఏరి దాన్నే మామగారికి వడ్డించాను. ఆ రోజు పళ్ళెం చుట్టూ వాళ్ళకు వినిపించింది వాళ్ళ మాటలే, గుర్తుపట్టలేక ఇన్నేళ్ళూ నవ్వుతున్నారు.

"ఆమె తప్పు మాట్లాడలేదు డాక్టర్," అన్నాను. "మిమ్మల్ని అనలేదు. ఎలా జరిగిందని అడిగారు కదా, దానికి జవాబు చెప్తోంది. తనతో అన్నవి అన్నట్టే చెప్తోంది."

డాక్టర్ నవ్వు మెల్లగా పోయింది. నర్సు తల దించుకుంది. కాగితం మీదికి స్టూలు అప్పటికే ఎక్కి కూర్చుంది. తను ఊహించి ఏదీ రాయకూడదనీ, ఆ పిల్లనే అడిగి చెప్పమనీ, ఆమె కూడా స్టూలంటే అలాగే రాసి పంపేయడం తప్ప చేసేదేమీ లేదనీ అన్నాడు డాక్టర్. పంపడమంటే తలుపు అవతలి బూటు దగ్గరికే.

నా లోపల లల్లా హ్నియా మొదలుపెట్టింది. నీకెందుకే. మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెవతివే. నీ మెట్లు నువ్వు కడుక్కుని పోవే. నేను యమ్నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ గొంతు దాటుకుని మా భాష కోసం వెతుక్కుంటే వెంటనే దొరకలేదు. రెండు మాటలు తప్పు పలికాను, ఒకటి మధ్యలో మర్చిపోయాను. నా సొంత భాషలో నేను పరాయిదానిలా తడబడుతుంటే ఆ పిల్లే ఒక మాట అందించింది.

నువ్వన్నది నాకు అర్థమైంది, ఇతనికి కాలేదు అని చెప్పాను. చెప్పమంటే చెప్తాను, వద్దంటే స్టూలనే అంటాను. చెప్తే ఇతను రాస్తాడు, రాస్తే పోలీసులు వచ్చి అడుగుతారు, ఇవాళ నువ్వు ఆ ఇంటికి వెళ్ళడం కుదరకపోవచ్చు. ఎక్కడ పడుకోవాలో కూడా నాకు తెలియదు, వెతుకుతాను. తెలిసిందంతా చెప్పాను, ఏమీ దాచలేదు.

ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చున్నాను. అది చాలా కష్టమైంది. ఫద్మా బదులు నేనే భయపడి మాట మార్చేశాను. ఇప్పుడు ఈ పిల్ల బదులు నేనే ధైర్యం చేసేసినా ఆమె నోరు నొక్కడమే అవుతుంది. చెప్పు, చెప్పవే అని నా నాలుక కొస మీద ఆడుతోంది. మింగేశాను.

బయట బూటు కదిలింది. "అయిపోయిందా చెల్లెమ్మా?" అని అతను నన్ను మా భాషలోనే, తీయగా అడిగాడు; అరబ్బీని కొట్టేటప్పటికి దాచుకుంటాడు కాబోలు. యమ్నా భుజాలు ముడుచుకున్నాయి. ఎవరూ ఏమీ అనకుండానే ఆమె ముఖం దానంతటదే గోడవైపు తిరిగింది. అలా తిరిగిందని ఆమెకే ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. గోడను చూస్తూ ఉండిపోయింది, సున్నం పెచ్చులు లేచిన చోటునే. డాక్టర్ కలం బల్ల మీద పెట్టేశాడు. నేను ఆశ వదులుకున్నాను.

"ఇని," అంది యమ్నా గోడతో. చెప్పు, అని.

ఈ ఊళ్ళో నాకు పనులు చెప్పినవాళ్ళు ఇంతమందని లేరు. వాళ్ళలో ఎవరి మాటా నేను ఇంత ఇష్టంగా వినలేదు. లేచి నిలబడి, చేతులు తుడుచుకుని, డాక్టర్ వైపు తిరిగాను.

"నా మొగుడు నన్ను కొట్టాడు," అన్నాను.

ఇన్నేళ్ళూ ఎవరి మాట మోసినా చివర 'అంటోంది' అని చేర్చేదాన్ని. ఆ మాట నాది కాదని అందరికీ తెలియాలి కదా. డాక్టర్ కలం అందుకుని, దానికోసమే నా ముఖంలోకి చూస్తూ ఆగాడు. నేను చేర్చలేదు.