సీలింగ్ బావది

గదికి రంగు వేసేటప్పుడు గోడలు బావమరిదివి, సీలింగ్ బావది. సీలింగ్ మీద తడి ఆరకముందే రోలర్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే ఊపులో లాగెయ్యాలి. మధ్యలో ఆగితే ఆరాక చార తేలుతుంది. బావ వేసిన సీలింగ్‌లో చార ఉండదని మేస్త్రీలందరికీ తెలుసు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

ఆ రోజు సగంలో ఆగిపోయాడు. నిచ్చెన దిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడ్డాడు.

"ఏంటి బావా, నేల మీద ఏమన్నా పారేసుకున్నావా?"

"నడుం పట్టేసిందిరా. ఇలా వంగితే కాస్త హాయిగా ఉంది."

"నడుం నొప్పికి వంగకూడదు. నిటారుగా నిలబడు!" అంటూ బావమరిది భుజాలు పట్టి లేపాడు. బావ పళ్లు బిగపట్టాడు.

ఇంట్లో అక్కదీ అదే మాట. మొగుణ్ణి చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, లేస్తే ఊరుకోనంది. పొద్దున లేచేసరికి ఆయన నడుం కర్రలా బిగుసుకుపోయేది. వాళ్లది ప్రేమే. అందుకే ఎదురు చెప్పలేకపోయాడు.

నొప్పి ఎంతకీ తగ్గకపోయేసరికి ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మ వెనక్కి వాలమంది, పక్కకి తిరగమంది. రెండుసార్లూ కెవ్వుమన్నాడు.

"కాల్లోకి దిగుతుందా?"

"పిర్ర, తొడ వరకే. మోకాలు దాటదండి."

"తిమ్మిర్లు? కాలు పట్టు తప్పడం?"

"లేవండి."

"వెన్నుపూసల వెనకవైపు చిన్న చిన్న కీళ్లుంటాయి. వెనక్కి వాలినప్పుడల్లా అవి నొక్కుకుంటాయి. మీవి అరిగినట్టున్నాయి. అందుకే వంగితే హాయి. పడుకునే ఉండకండి, నడవండి. వ్యాయామాలు చెప్తాను."

అక్క మొహం పాలిపోయింది. "మేమే ఆ బల్ల మీద..." అని ఆగిపోయింది.

"మరి సీలింగ్?" అన్నాడు బావ.

"గంటలకొద్దీ పైకి చూస్తూ చేసే పని మానుకోవాలండీ."

"గోడలు వేసుకుందువులే బావా," అన్నాడు బావమరిది.

"గోడలు ఎవడైనా వేస్తాడు." మెట్లు దిగుతూ అన్నాడు బావ. వెంటనే, "నిన్ను కాదురా," అని సర్దుకున్నాడు.

తర్వాతి ఇంట్లో బావమరిది నిచ్చెనెక్కాడు. బావ కిటికీ కింద గోడకి రంగు వేస్తున్నాడు. పైన రోలర్ చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఆపకురా అనబోయి మింగేశాడు.

"అయిపోయింది బావా! ఎలా ఉందో చూడు!"

అనేశాక బావమరిది నాలిక కరుచుకున్నాడు.

"బాగుందిరా," అన్నాడు బావ, గోడ మీంచి కళ్లు తిప్పకుండానే.