కొండవైపు వాలిన కోర్టు

మైఖేల్‌కు మతి పోయింది. ఆటకోర్టు కోసం చదును చేయించిన నేలంతా కొండవైపు వాలిపోయి కనబడుతోంది. ఒక కన్ను మూసి చూశాడు, వంగి చూశాడు, గోడ మీద కూర్చుని కూడా చూశాడు. ఎటు నుంచి చూసినా అంతే! నిన్నటిదాకా రాళ్ల కుప్పలు అడ్డముండి తెలియలేదు. అవి ఎత్తేశాక చూస్తే ఇదీ సంగతి.

మాలూరులో పీటీ టీచరుగా ఉన్న కూతురు జూలీకి బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. టేకల్ గుట్ట వాలులో ఇల్లు కట్టుకుని, తన ఆటపిల్లల కోసం ఇంటి వెనక కోర్టు కావాలంది. ఇరవైనాలుగు మీటర్ల పొడవు, పన్నెండు వెడల్పు. యాడ? మేక కూడా కుదురుగా నిలబడలేని చోట! పైవైపు బండ కొట్టి, కిందివైపు రాతి గోడ లేపి, మధ్యలో గ్రావెల్ పోసి రోలరు తొక్కించేసరికి నెలన్నర పట్టింది. రేపు పొద్దున ఏడింటికి కాంక్రీటు లారీ వస్తుంది. అది గట్టిపడితే ఇక దేవుడు దిగివచ్చినా సరిచేయలేడు.

"నాయనా, పనంతా నువ్వే దగ్గరుండి చూసుకో" అని జూలీ అడిగిన రోజు మైఖేల్ కొత్త చొక్కా వేసుకున్నాడు. చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో, భూమి కింద, పాతికేళ్లు బండ్లు నడిచే పట్టాలు వేసిన మనిషి. గని మూసేశాక ఈయన్ను ఒక పని చేసిపెట్టమని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. డెబ్బై రెండో ఏట కూతురు అడిగింది. ఇది చెడితే ఇంకెవరూ అడగరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"శ్రీరామప్పా! ఇట్లరా! నేల కొండ తట్టు దిగిపొయ్యింది, కనపడలేదా నీకు?"

రాతిపని మేస్త్రీ శ్రీరామప్ప నీళ్లు నింపిన ట్యూబు తెచ్చాడు. ఒక కొస కొండవైపు, ఒక కొస గోడవైపు పట్టించాడు. రెండు పక్కలా నీళ్లు గీతకు గీత సరిగ్గా నిలిచాయి.

"మట్టం సరిగా ఉండాదన్నా" అన్నాడు.

"ట్యూబులో గాలి చేరింటాది. మళ్లీ పట్టు."

మళ్లీ పట్టారు. మూడోసారీ పట్టారు. నీళ్లది నీళ్ల మాటే, కంటిది కంటి మాటే. మైఖేల్‌కు ఏమీ పాలుపోలేదు. బడికి బయలుదేరుతున్న జూలీని పిలిచి చూపించాడు.

"అవును నాయనా, కొండ తట్టే వాలినట్టుండాది" అంది జూలీ. అని వాచీ చూసుకుంది. "నువ్వు ఎట్ల చెప్తే అట్లే. నాకేం తెలుసు?"

అంతే, మైఖేల్ ఛాతీ ఉబ్బింది. కొండవైపు నాలుగంగుళాలు ఎత్తమన్నాడు.

శ్రీరామప్పకు కోపం నషాళానికి అంటింది. "ముప్పై ఏండ్లుగా గోడలు కడతా ఉండాను. నాకు మట్టం రాదంటావా? టీచరమ్మ మొగం చూసి ఉండాను గానీ, ఇంకొకరైతే ఈపాటికి ట్యూబు చుట్టుకొని పొయ్యిండేవాణ్ణి!"

"భూమి కింద పట్టాలేసిన కళ్లు ఇవి. నీ ట్యూబు చెప్పేదేంది?"

రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పడింది. రోలరు తిరిగింది. సాయంత్రం నాలుగింటికి చూస్తే, అబ్బ, నేల పళ్లెంలా ఉంది! బడి నుంచి వచ్చిన జూలీ చప్పట్లు కొట్టింది. శ్రీరామప్ప కూడా తల వంచి, పక్కకు తిప్పి చూసి, గడ్డం గోక్కున్నాడు.

మైఖేల్ దర్జాగా కొండవైపు నుంచి గోడవైపు నడిచాడు. పడమటి ఎండ సూటిగా మొహాన కొట్టింది. కళ్లు మూసుకునే నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు దగ్గర ఆగిపోయాడు. కాళ్లు కిందికి దిగుతున్నాయి.

కళ్లు తెరిచాడు. నేల చదునుగా ఉంది. మూసుకున్నాడు. దిగుతోంది. వెనక్కి తిరిగి మూసుకుని నడిచాడు. ఎక్కుతోంది! ఇదేం మాయరా దేవుడా, నాకు బుర్ర చెడిందా అనుకున్నాడు.

గనిలో దీపం ఆరిపోయిన రోజుల్లో ఈ కాళ్లతోనే పట్టాల వెంట నడిచి బయటపడ్డాడు. ఒక్కసారీ తప్పలేదు. మరి కళ్లు? అక్కడ కళ్లకు కొండ ఎక్కడిది, పల్లం ఎక్కడిది? నాలుగు పక్కలా చీకటే. ఇక్కడ చుట్టూ భూమంతా ఏటవాలు. ఆ వాలునే చూసి చూసి, సరిగ్గా ఉన్న నేల కంటికి వంకరగా కనబడింది. తను దాన్ని నిజంగానే వంకర చేసి కూర్చున్నాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అందరికీ బాగానే కనబడుతోంది. రేపు లారీ వస్తుంది, పని ముగుస్తుంది, జూలీ పదిమందికీ మా నాయనే చేయించాడని చెప్పుకుంటుంది. వాన పడ్డప్పుడు కదా అసలు సంగతి! నీళ్లన్నీ గోడ మీదికి పోతాయి, గోడ కడుపు ఉబ్బుతుంది. ఆ గోడ పక్కనే పిల్లలు ఆడతారు.

"జూలీ, ఇట్లరామ్మా. కళ్లు మూసుకో."

"ఎందుకు నాయనా?"

"మూసుకో, చెప్తా."

చెయ్యి పట్టుకుని నడిపించాడు. సగం కోర్టు దాటేసరికి ఆమె అడుగు దానంతటదే వేగమైంది.

"దిగుతా ఉండాను నాయనా..." అంటూ కళ్లు తెరిచి అయోమయంగా చూసింది.

మైఖేల్ శ్రీరామప్ప వైపు తిరిగాడు. "నీ ట్యూబే సరప్పా. పొద్దున నిన్ను అన్నది తప్పు. పన్లో నా మాట ఇంగ వినొద్దు." అని పార అందుకుని, కొండవైపు పోయి తనే తవ్వడం మొదలుపెట్టాడు.

శ్రీరామప్ప ట్యూబు పక్కన పడేశాడు. చెప్పులు విడిచాడు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ చాచి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. మైఖేల్ చేతిలోని పార లాక్కున్నాడు.

"తవ్వడానికి నేనుండానన్నా. నువ్వు కళ్లు మూసుకొని నడువు. యాడికి తవ్వితే చాలో నువ్వే చెప్పల్ల."