నడిమి గిన్నె

నేను ఒక పోపుల డబ్బాని. గుండ్రని ఒళ్లు, కడుపులో ఏడు గిన్నెలు, పైన బిగుతైన మూత. నన్ను రేకుగా సాగదీసి, వంచి, మెరుగుపెట్టిన ఫ్యాక్టరీ గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. చెవులు చిల్లులు పడే చప్పుడు తప్ప నాకేమీ గుర్తులేదు. అసలు పుట్టుక సికింద్రాబాదులో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో జరిగింది. అక్కడ ఒకాయన చిన్న మిషనుతో నా మూత మీద చుక్కలు చుక్కలుగా ‘సులోచన’ అని పేరు కొట్టాడు. ఆ గిలిగింత ఇప్పటికీ పోలేదు. పేరు పడేదాకా నేను సామాను. పడ్డాక ఒకరి సొంతం.

సులోచన నన్ను రెండు పనులకు వాడింది. ఒకటి పోపు. రెండోది బ్యాంకు. ఇంటి ఖర్చులో మిగిల్చిన నోట్లను మడిచి ఆవాల కింద దాచేది. నెలాఖరున ఇల్లు ఇరుకున పడినప్పుడు ఆ నోట్లు బయటికొచ్చేవి. వాటికి పసుపు మరకలుండేవి, జీలకర్ర వాసనుండేది. అయినా ఆవిడ భర్త పురుషోత్తం సారు ఒక్కసారీ ఎక్కడివని అడగలేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన, రెక్క కింద గాలి ఏం చేస్తుందో బోర్డు మీద గీసి గీసి సుద్దముక్కలు అరగదీశాడు గానీ, తన వంటింట్లో డబ్బు ఎలా పుడుతుందో కనిపెట్టలేకపోయాడు. మనుషుల చదువు అంతే, దూరంగా ఉన్నవే బాగా కనిపిస్తాయి.

సులోచనకు ఒక నియమం ఉండేది. ఒక గిన్నెలో చెంచా ఇంకో గిన్నెలో పెట్టకూడదు. సారు పొరపాటున పసుపు చెంచా మినప్పప్పులో ముంచితే వంటింట్లోంచి పంపేసేది. ఆకాశంలో విమానం చప్పుడైతే చాలు, చేతిలో పళ్లెంతో సహా బాల్కనీలోకి పరుగెత్తే మనిషి ఆయన. “చూసింది చాలు, పప్పు చల్లారిపోతుంది” అని నవ్వేది.

ఒక వానాకాలం ఆవిడ జబ్బుపడింది. చలికాలానికి లేదు. నా మూత మూతపడింది. సులోచన చెల్లెలు భాగ్య కర్రీ పాయింటు నడుపుతుంది; రోజూ సాయంత్రం ఆవిడ తెచ్చిచ్చే కూరతో సారు రోజులు గడిచాయి. నా లోపల జీలకర్ర వాసన వదులుకుంది. ఆవాలు మాత్రం పాపం, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూనే ఉన్నాయి.

అలాంటి రోజుల్లో సారు కాలేజీ పిల్లల్ని తీసుకుని ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బు చూపించడానికి వెళ్లాడు. అక్కడ నస్రీన్ అనే ఇన్‌స్ట్రక్టరు, పిల్లలందరి కంటే ముందుకు వంగి చూస్తున్న ఈ పెద్దమనిషిని గమనించి, రెండు సీట్ల విమానంలో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిప్పి తెచ్చింది. గాల్లో కాసేపు కంట్రోలు ఆయన చేతికిచ్చిందట. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చిన తీరు చూడాలి! చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, నన్ను ఎత్తి, గిన్నెలు ఖాళీ చేసి, చింతపండుతో తోమి, మర్నాడు ఎండలో పెట్టాడు. నా మీద ఎండ పడి ఎన్నాళ్లయిందో!

ఒక్కో గిన్నెకు ఒక్కో చీటీ అంటించాడు. మెడికల్. పుస్తకాలు, క్లాసులు. పరీక్షల ఫీజులు. హెడ్‌సెట్. రానుపోను ఖర్చు. అన్నిటికంటే బరువైన గిన్నె మీద ‘గంటలు’. విమానం అద్దె గంటల లెక్కన మరి. విమానం నడపడం నేర్చుకోవడానికి నెలనెలా జీతంలోంచి తీసిన నోట్లు వాటిలో పడసాగాయి.

“ఫోన్‌ల పైసలు ఉండంగ గీ నోట్లేంది బావా?” అంది భాగ్య.

“ఫోన్ల ఉంటే ఉన్నట్టే అనిపిస్తది భాగ్యా. గిన్నెల ఉంటే ఎంత లేదో తెలుస్తది.”

నడిమి గిన్నెకు మాత్రం చీటీ లేదు. అందులో సులోచన పోసిన మెంతులున్నాయి. అన్నీ పారబోసిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఆ గిన్నెను అలాగే పెట్టి మూత వేశాడు.

నస్రీన్ మంచి మాటలు చాలా చెప్పిందట; సారు ఒక్కొక్కటీ భాగ్యకు చెబుతుంటే నేను విన్నాను. “ముందు మెడికల్ చేయించుకోండి సార్, డాక్టరు సరే అనేదాకా ఒక్క రూపాయి కట్టకండి. మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తమంటరు, ఆశపడకండి, ఎగిరినంతకే కట్టండి. ఇంజను తిరుగుడు మొదలైతే మీటరు తిరిగినట్టే, నేల మీద దొర్లినా డబ్బే. ఇంకోటి, నలభై గంటలన్నది రూలు మాత్రమే. చాలామందికి అంతకంటే ఎక్కువ పడ్తయి. దానికి వేరే పెట్టుకోండి.”

మెడికల్‌లో పాసయ్యాడు. ఎగిరినంతకే కట్టాడు. చివరి మాట ఒక్కటి వదిలేశాడు. అదనపు గంటలకు పెట్టడానికి గిన్నె లేదు మరి! ఉన్న ఒక్కటీ మెంతులది.

ఆదివారాలు ఎంత బాగుండేవో! తిరిగొచ్చి ఆయన అట్లకాడ పట్టుకుని వంటింట్లోనే మలుపులు తిరిగేవాడు. ఎక్కడం వచ్చింది, తిప్పడం వచ్చింది. దిగడమే రాలేదు. నేల దగ్గరపడగానే చేతులు బిగుసుకుపోయేవి, విమానం కుప్పించి ఎగిరేది. ఇంకోసారి, ఇంకోసారి. మధ్యలో వానలకు వారాలు పోయాయి, పోయిన ప్రతి వారానికీ చెయ్యి కొంత మరిచింది. ఒకనాడు ‘గంటలు’ గిన్నెలో వేలు పెడితే స్టీలు తగిలింది.

ఆ సాయంత్రం భాగ్య వచ్చేసరికి సారు నన్ను ముందేసుకుని కూర్చున్నాడు.

“ఒంటరిగ పంపడానికి ఇంక కొంచెమేనట. ఇప్పుడు ఆపితే చేతులు మర్చిపోతయి, మళ్ల మొదటికాడికి వస్తదట” అన్నాడు.

భాగ్య నా గిన్నెలు వరసగా చూసింది. “మరి గీ హెడ్‌సెట్ గిన్నె నిండ ఉన్నది గద?”

“అది హెడ్‌సెట్‌కు. నస్రీన్ తన పాతది వాడుకొమ్మంది, కానీ ఎప్పటికైనా కొనాలె.”

“పరీక్షలయి?”

“అవి పరీక్షలకు. ఒక గిన్నె చెంచా ఇంకో గిన్నెల పెట్టొద్దని మీ అక్క...”

భాగ్య నడుం మీద చేతులేసుకుంది. “ఏం సార్‌వి బావా నువ్వు! అక్క చెంచాలు కలపద్దన్నది, నిజమే. మరి పోపెట్ల పెట్టేది? మూకుడు వేడెక్కినంక అన్ని గిన్నెలయీ దాంట్లనే వడ్తయి గద! ఇప్పుడు నీ మూకుడు కాగుతున్నది. మాడిపోయినంక వేస్తవా?”

 నాకైతే మూత ఎగిరిపోతుందేమో అన్నంత సంతోషం! ఇన్నేళ్లుగా నేను చెప్పాలనుకున్నదే అది.

అప్పుడు భాగ్య కళ్లు నడిమి గిన్నె మీద ఆగాయి. గొంతు తగ్గింది. “అక్క మెంతులా?”

ఆయన తల ఊపాడు.

“పారబోయొద్దులే బావా. దా.”

ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి, ఎండిపోయిన తులసి కుండీలో మట్టి గుల్లచేసి, ఆ మెంతులు చల్లారు. ఆయన అరచేత్తో మట్టి కప్పి, నీళ్లు చిలకరించి, ఖాళీ గిన్నెను కడిగి తుడిచి నా మధ్యలో పెట్టాడు. హెడ్‌సెట్ నోట్లూ పరీక్షల నోట్లూ అందులోకి వచ్చాయి. చీటీ మీద ‘అదనం’ అని రాశాడు.

ఆ వారం సెలవు పెట్టి రోజూ ఎగిరాడు. చివరి రోజున నన్నే సంచిలో పెట్టుకుని, భాగ్యను వెంటబెట్టుకుని క్లబ్బుకు వెళ్లాడు. కౌంటరులో గుమస్తా నోట్లు లెక్కపెడుతూ మూడుసార్లు తుమ్మి, “సార్, విమానం నడుపుతరా, పులిహోర కలుపుతరా?” అన్నాడు.

భాగ్య నన్ను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నస్రీన్ విమానం దిగి, తలుపు వేసి, దూరం జరిగింది. లోపల ఆయన ఒక్కడే. విమానం పరుగెత్తింది, నేలను వదిలింది. భాగ్య వేళ్లు నా మూత మీద బిగుసుకున్నాయి, సరిగ్గా ఆ చుక్కల పేరు మీద. చిన్న తెల్లని రెక్క ఒక చుట్టు తిరిగింది. దిగుతోంది, దిగుతోంది... చక్రాలు నేలను తాకిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. అంత మెత్తగా!

“అక్కా, చూసినవా!” అని అరిచింది భాగ్య. నన్ను చూసి అందో, ఆకాశం చూసి అందో తెలియదు.

మొదటిసారి ఒంటరిగా ఎగిరొచ్చిన వాళ్ల మీద బకెట్ నీళ్లు పోయడం అక్కడి ఆనవాయితీ. నస్రీన్ పోసింది. తడిసి ముద్దయిన సారు కళ్లలో ఏవి బకెట్ నీళ్లో ఎవరూ తేల్చలేకపోయారు.

లైసెన్సు ఇంకా దూరమే. గంటలున్నాయి, పరీక్షలున్నాయి. ఇప్పుడు నేను పొయ్యి పక్కనే ఉంటున్నాను. మూడు గిన్నెల్లో పోపు దినుసులు, నాలుగింటిలో నోట్లు. కుండీలో మెంతికూర జానెడు ఎదిగితే నిన్న సారే కోసి పప్పు చేశాడు. ఆవాలు చిటపటలాడుతుంటే ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు, గాల్లో భయపడని మనిషి.

ఇవాళ జీతం వచ్చింది. ఆయన మూత తీశాడు. మొదటి నోటు నడిమి గిన్నెలో పెట్టాడు.