గోతి పక్కన విడిచిన చెప్పులు

చెప్పులు పక్కనే ఉన్నాయి. అయినా గోతిలోకి మట్టి తోసేశారు. నా రెండు కళ్లతో చూశాను. లోపలున్నది మా ఆయన.

మీరు కాలేజీల్లో చదివేవాళ్లు, ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లు. మా పని మీకు తెలీదు, వినండి. మనిషి పట్టేంత గోతుల్లోకి దిగి ఖనిజపు రాయి తవ్వుకుంటాం. గోడకి కాలు ఆనించే గుంటలుంటాయి. పట్టు దొరకాలంటే ఒట్టికాళ్లతోనే దిగాలి. చెప్పులు పైన విడుస్తాం. చెప్పులుంటే లోపల మనిషున్నట్టు. తాతల నాటి కట్టుబాటు. తాగుబోతు కూడా ఆ గోతిలో గులకరాయి వెయ్యడు.

కంపెనీ వచ్చి కొండంతా తనదని కాగితం చూపించింది. గోతులు పూడ్చడానికి బుల్డోజర్ తెచ్చింది. దాని డ్రైవర్ ఒకప్పుడు మాతో తవ్వినవాడే. చెప్పులు కనిపిస్తే బండి ఆపేసేవాడు.

మీటింగ్ పెట్టుకున్నాం. ఆ మాయదారి ఆలోచన నాకే వచ్చింది.

"ఇళ్లలో పాత చెప్పులన్నీ తెచ్చి ఖాళీ గోతుల దగ్గర కూడా పెడదాం" అన్నాను.

పెద్ద మేస్త్రి ఒప్పుకోలేదు. "వద్దమ్మాయ్. ఆ ఒక్కటీ అబద్ధానికి వాడొద్దు."

"నిజం చెప్పి నువ్వేం బావుకున్నావు బాబాయ్?"

అందరూ నవ్వారు. మా ఆయనైతే మరీను.

పదకొండు రోజులు బండి కదల్లేదు. మా సంబరం చూడాలి! పన్నెండో రోజు కంపెనీ ఆఫీసరు గోతుల్లోకి లైటు వేయించాడు. చాలావరకు ఖాళీ. "ఇంకోసారి చెప్పులు చూసి ఆపావో, నీ ఉద్యోగం ఊడుతుంది" అని డ్రైవర్‌ని మా ముందే తిట్టాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన దిగాడు. పొయ్యి వెలగాలిగా! బండి చప్పుడు విని గంప పారేసి పరిగెత్తాను.

"మనిషున్నాడు! ఆపండ్రా!"

"రోజూ ఇదే నాటకం. తొయ్" అన్నాడు ఆఫీసరు. డ్రైవర్ నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు, తోసేశాడు.

చేతుల్తో తవ్వాం. కంపెనీ లీజు భూమిలో తవ్వడం నేరమని పోలీసులు సగంమందిని లాక్కెళ్లారు. డ్రైవర్ కూడా బండి దిగొచ్చి గోళ్లూడేలా తవ్వాడు. ఎవరూ వాడితో మాట్లాడలేదు. సాయంత్రానికి మా ఆయన దొరికాడు. ఊపిరి లేదు.

తప్పు నాదే. పదిసార్లు ఒప్పుకుంటాను. కానీ ఆ బండి నాదా? కాగితం నాదా? అరిచి చెప్పినా తొయ్యమన్న నోరు నాదా?

రెండోనాడు బండి మళ్లీ వచ్చింది, కొత్త డ్రైవర్‌తో. గెలుస్తామని ఎవరికీ నమ్మకం లేదు. అయినా గోతికొకరం, అంచున కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాం.

"చెప్పులు విప్పలేదేం అమ్మాయ్?" అన్నాడు మేస్త్రి.

"ఇంక వాటినెవడు నమ్ముతాడు బాబాయ్? మనుషుల్నే చూడమను."

ఆయన విప్పబోయిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

పోలీసులు మమ్మల్ని జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఈడ్చారు. వెనక్కి చూశాను. మేం లేచిన గోతుల దగ్గర అవతలి కొండవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లనీ ఈడ్చేస్తారు, నాకు తెలుసు. వాళ్లకీ తెలుసు. ఒక్కరూ చెప్పులు విప్పలేదు.