రెండో డికాక్షన్

అప్పటికే ఒకసారి డికాక్షన్ దిగిపోయిన ఫిల్టర్లో, అదే పొడి మీద ఎస్తర్ రాణి మళ్లీ వేడినీళ్లు పోసింది. మొదట దిగిన చిక్కటిది భర్త మార్కుకీ, ఇంటి ముందున్న అతని సిమెంటు కొట్టుకి వచ్చే పెద్దమనుషులకీ. ఇప్పుడు దిగేది అత్తగారికీ తనకీ. పెళ్లయిన మూడోరోజే అత్తగారు కరుణకుమారి ఆ పద్ధతి చెప్పేసింది. "మొదటిది మగోళ్లకే. మనకేటి, యేడిగా గొంతు దిగితే సాల్దా?"

ఇరవై రెండేళ్లయింది. చింతపల్లి వైపు నుంచి సంతకి వచ్చే సింహాద్రమ్మ దగ్గర కాఫీ గింజలు ఏరి కొనడం, ఇనుప మూకుడులో వేయించడం, చిటపట చప్పుడుని బట్టి సరిగ్గా దించడం, అంతా ఎస్తరే. నర్సీపట్నంలో ఆ కాఫీకి పేరొచ్చింది. అందరూ దాన్ని మార్కుగారి కాఫీ అంటారు.

సోమవారం దేవి అనే అమ్మాయి కొట్టుకి వచ్చింది. ఊరి చివర గింజలు వేయించే షెడ్డు పెట్టింది, ఇంకా కొంత కట్టుబడి మిగిలింది. సిమెంటు బేరం మధ్యలో కాఫీ నోట పెట్టుకుని ఆగిపోయింది.

"ఎవరు చేశారండీ ఇది?"

"మా ఇంట్లోదేనండి," అన్నాడు మార్కు.

దేవి తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. "రుచి చూసి సరుకు ఎంచే మనిషి కావాలండీ నాకు. గురువారం మీ పొడి పట్టుకుని రండి. చిన్న పరీక్ష. నెగ్గితే ఆ పని మీదే."

మార్కు పగలబడి నవ్వాడు. "ఎల్లవే, ముచ్చట తీరిపోద్ది. బోజనాల యేళకి మాత్రం వచ్చీ."

ఆ మూడు రోజులూ ఎస్తర్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఒకరు తనని కూర్చోబెట్టి, ఇది ఎలా ఉంది అని అడుగుతారు. తను చెప్తుంది, వాళ్లు రాసుకుంటారు. ఈ ఇంట్లో 'అయిందా' అని అడిగినవాళ్లే గాని 'ఎలా ఉంది' అని తనని అడిగినవాళ్లు ఎవరున్నారు? కూరలో ఉప్పు సంగతి కూడా మార్కు మొహం చూసే తెలుసుకుంది ఇన్నాళ్లూ.

గురువారం షెడ్డులో ఎస్తర్ తెచ్చిన పొడి తీసుకుని లోపలికెళ్లి, కాసేపటికి బల్ల మీద మూడు కప్పులు పెట్టింది దేవి. పాలు లేవు, పంచదార లేదు.

"అన్నిటికన్నా మంచిది చూపించండి."

మొదటి దాంట్లో మాడువాసన. కాదు. రెండోది ఒక్కసారిగా నాలుక మీద పడింది. చేదు, ఘాటు, ముక్కుల దాకా ఎక్కేసింది. ఎస్తర్ ఉలిక్కిపడి కప్పు దించేసింది. మూడోది తాగగానే ప్రాణం లేచొచ్చింది. తెలిసిన రుచి.

"ఇదేనండీ! ఇదే నా కాఫీ."

దేవి రెండో కప్పుని మళ్లీ ఎస్తర్ ముందుకి జరిపింది.

"మీ కాఫీ రెండోదండీ," అంది. "మూడోది అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దింపింది. తేడా పట్టుకుంటారని పెట్టాను... ఏమీ అనుకోకండమ్మా. చెయ్యడం వేరు, రుచి తెలియడం వేరు."

ఎస్తర్ ఇంటికొచ్చేసరికి మార్కు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మొహం చూడగానే తెలిసిపోయింది అతనికి. "నాను సెప్పలేదేటి? పొయ్యికాడి పనికి ఉద్యోగమేటి? బేగి కాఫీ తే."

ఎస్తర్ ఫిల్టర్లో కొత్త పొడి వేసి వేడినీళ్లు పోసింది. మొదట దిగిన చిక్కటి డికాక్షన్ తన గ్లాసులో పోసుకుంది. మళ్లీ నీళ్లు పోసి, దిగిన పల్చటిది మార్కు గ్లాసులో పోసింది. పాలు కలిపితే తెల్లగా తేలిపోయింది. తీసుకెళ్లి చేతికిచ్చి, వచ్చి తలుపు వెనక నిలబడింది. తన గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క దిగలేదు. ఒకటే చేదు.

ఇప్పుడు అరుస్తాడు. గ్లాసు విసురుతాడు. ఇప్పుడు.

మార్కు ఫోన్లోంచి తలెత్తకుండానే ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు.

"బావుందే. రోజూ లాగే ఉంది."

ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఆ కాఫీని ఒక్కరూ రుచి తెలిసి తాగలేదని ఎస్తర్‌కి అప్పుడు తెలిసింది.