ఖాళీ మేకు

యిర్మియాకు కుడి భుజం నొప్పి. ముప్పై ఏళ్లుగా కంపెనీ గోడల మీద 'భద్రతే ముందు' అని రాసీ రాసీ, అందరికంటే ముందు భద్రత పోయింది ఆ భుజానికే. బొగ్గు బావి ముఖం దగ్గర నినాదాలు, క్వార్టర్ల మీద నంబర్లు, క్యాంటీన్ గోడ మీద ధరలు. గోదావరిఖనిలో చదువొచ్చినవాడు రోజూ చదివేదాంట్లో సగం అతని చేతిరాతే. నినాదం నిదానంగా రాయాలనేవాడు. ప్రమోషన్ కూడా అంతే నిదానంగా, అంటే రానే రాకుండా, ఉండిపోయింది. రంగుల పని అన్న మాటే గానీ బతుకంతా ఒక్కటే రంగు, అది కూడా స్టోరులో మిగిలిపోయిన రంగు.

రెండు వేల ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం డెబోరా అతని క్వార్టర్‌కు వచ్చింది. చర్చి వెనకాల అద్దె ఇంట్లో పది మంచాలు వేసి, హెచ్‌ఐవీ వచ్చి ఎవరూ చూడనివాళ్లను చూసుకునే నర్సు ఆమె.

"అన్నా, మనకు పైసలు పంపే బయటి దేశపోళ్లు ఇగ పంపరట. రెండు నెలలైతె ఇల్లు ఖాళీ చెయ్యాలె," అంది. "హైదరాబాద్ నుంచి ఒక ఆర్టిస్టు పిల్ల వచ్చింది, రమ అని. సెంటినరీ కాలనీ హాల్ల ఎగ్జిబిషన్ పెట్టి చందాలు జమ చేస్తదట. నువ్వు జర రంగు సాయం పట్టాలె."

"నాతోని ఐతలేదు డెబోరా. భుజం లేస్తలేదు."

"డానీని మంచం మీదికెల్లి లేపిననాడు నా భుజం లేస్తదా లేవదా అని చూసుకున్ననా అన్నా?"

డానీ యిర్మియా తమ్ముడు. అదే బావిలో పని, పెళ్లి కాలేదు, చర్చిలో పాట ఎత్తుకుంటే పాస్టరు ప్రసంగం కురచ చేసుకునేవాడు. రెండేళ్ల కింద, ముప్పై నాలుగేళ్లకు, డెబోరా ఇంట్లో మూడో మంచం మీద పోయాడు. పోయే ముందు అన్న చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు: "బీమారి పేరు చెప్పకన్నా. కామెర్లని చెప్పు." అప్పటి నుంచి యిర్మియా బావి దగ్గర, అతని భార్య లిడియా నల్లా దగ్గర, కామెర్లు కామెర్లు అని చెబుతూనే ఉన్నారు. అడిగేవాళ్లు మానేశాక కూడా చెబుతూనే ఉన్నారు.

మర్నాడు హాలుకు పోయాడు. రమ పాతికేళ్ల పిల్ల, చెప్పులకు కూడా రంగు అంటించుకుని తిరుగుతోంది.

"బొమ్మ ఏడ గియ్యాలమ్మా?"

"బొమ్మ ఉండదు అంకుల్. ఇన్‌స్టలేషన్. వస్తువులే బొమ్మ."

బొమ్మే లేని బొమ్మల కొలువుకు పెయింటరు ఎందుకో అతనికి బోధపడలేదు. ఇన్‌స్టలేషన్ సంగతేమో గానీ ఫ్రస్ట్రేషన్ మాత్రం వెంటనే వచ్చింది. బావి పనివాళ్ల పాత టోపీలను దండలా గుచ్చి పైకప్పుకు వేలాడదీశారు. గోడకు పెద్ద చెక్క బోర్డు, దానికి నూట ఇరవై మేకులు.

ఆ బోర్డును చూడగానే యిర్మియాకు తెలిసిపోయింది. లాంపు రూము బోర్డు. బావిలోకి దిగే ముందు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకు నుంచి తీసిచ్చి తలకు పెట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు అప్పజెప్పి బిళ్ళను మళ్లీ తన మేకుకే తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక ఏ మేకైనా ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ మేకు నిండేదాకా లాంపు రూము మనిషి ఇంటికి పోడు. పక్కవాడి బిళ్ళను ఎవరూ ముట్టరు. ముట్టుకుంటే వాణ్ని బావిలోకి తోసినట్టే.

రమకు ఇదంతా ఎవరో సగం చెప్పారు. "ఒక్కో బిళ్ళ ఒక్కో మనిషి అన్నమాట అంకుల్. వంద రూపాయలు ఇచ్చినవాళ్లు ఒకటి తీసుకుపోతారు. ఈ రేకు బిళ్ళల మీద మీరు నంబర్లు వేయాలి."

"ఏం నంబర్లు?"

"ఏవైనా. మీ ఇష్టం."

ముప్పై ఏళ్లలో అతనితో 'మీ ఇష్టం' అన్నవాళ్లు లేరు. ఇష్టమంటే ఏమిటో గుర్తు తెచ్చుకునే ఓపిక లేక పనిని చేతికి వదిలేశాడు. ఏటా తమ బావి లాంపు రూము బోర్డుకు రంగేసి అంకెలు దిద్దేది అతనే. చెయ్యి ఆ దారినే పోయింది. 1101, 1102, 1103. కళ్లు మూసుకున్నా వచ్చే అంకెలు. 1157 దాకా వచ్చి కుంచె ఆగింది. కొంచెం సేపు చూశాడు. తర్వాతి రేకును ఖాళీగానే పక్కన పెట్టేసి, ఇంకోదాని మీద 1159 వేశాడు. 1220 దాకా ముగించి, నూట పంతొమ్మిది బిళ్ళలు తగిలించి, ఒక మేకు ఖాళీగా వదిలి ఇంటికి పోయాడు. రమ లెక్క చూడలేదు.

శనివారం మొదటి షిఫ్టు అయ్యాక జనం బాగానే వచ్చారు. గుమ్మం మీద ఇంత పొడుగు బ్యానరు, దాని మీద హెచ్‌ఐవీ. లోపల టోపీల దండల కేసి ఎవరూ తలెత్తలేదు. అందరూ నేరుగా బోర్డు దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ ఎవరి నంబరు వాళ్లు వెతుక్కున్నారు.

"గిదేంది? 1147 నాదే గదా," అన్నాడు బుచ్చన్న.

"నాది గూడ ఉన్నది, 1163," అన్నాడు ఎల్లేశం. "బయట బ్యానర్ మీద ఏం రాసిండ్రు?"

ఇద్దరూ గుమ్మం దాకా పోయి బ్యానరు చదువుకుని వచ్చారు.

"మన రక్తం ఎప్పుడు తీసిండ్రు రా?"

"మొన్న షుగరు పరీక్షకని సూది గుచ్చిండ్రు గద. గప్పుడే అయితది."

రమ కళ సంగతేమో గానీ కలకలం మొదలైంది. అరగంటలో కాలనీ కాలనీ అంతా హాల్లో ఉంది. బుచ్చన్న భార్య సారలమ్మ తోమే గిన్నె చేత పట్టుకునే వచ్చింది.

"నంబరు నీదేనా?"

"నాదే గనీ..."

"పదిహేనేండ్ల సంది ఓవర్‌టైము ఓవర్‌టైమంటివి. ఏడ జేసినవయ్యా గా ఓవర్‌టైము?"

"అవి ఉత్త నంబర్లండీ, మనుషులు కాదు," అంది రమ.

"మేము నంబర్లమే గదమ్మా," అన్నాడు ఎల్లేశం. "జీతం చీటిల పేరుకన్న ముందు అదే ఉంటది."

ఒకడు బోర్డు పీకేద్దామని చెయ్యి చాపాడు. చాపి, మధ్యలోనే ఆపాడు. పక్కవాళ్ల బిళ్ళలు తగులుతాయి. డెబోరా ఒక మూల కుర్చీలో కూర్చుని గుమ్మం దగ్గరి చందా డబ్బా కేసి చూస్తోంది. దానిలో ఇంకా పాస్టరు వేసిన నోటు ఒక్కటే ఉంది. ఆమె పది మంచాలూ అప్పుడే వీధిలో పడ్డట్టుంది ముఖం.

"ఆగుర్రి."

అన్నది ఆగయ్య. పేరుకు తగ్గట్టు అందర్నీ ఆపాడు. లాంపు రూములో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి, సోడాబుడ్డి అద్దాలు. బోర్డు దగ్గరికి పోయి ఒక్కో వరుసా వేలితో తడిమాడు.

"ఒక మేకు ఖాళీగున్నది. షిఫ్టు అయిపాయె. ఒకడు పైకి రాలే."

అరుస్తున్న ఎల్లేశం కూడా తలపాగా తీశాడు. అది బావి కాదనీ రేకు ముక్కలనీ అందరికీ తెలుసు. అయినా ఎవరూ కదలలేదు.

"ఇటు యాభై ఏడు, అటు యాభై తొమ్మిది," అన్నాడు ఆగయ్య. "నడుమది ఎవనిది?"

మరిచిపోయానంటే సరిపోతుంది. ఆ మాట యిర్మియా నాలుక దాకా వచ్చింది. కానీ అలా అంటే ఆ జబ్బు పేరు నూట పంతొమ్మిది మందికి అంటుకునే ఉంటుంది, డెబోరా ఇల్లు మూతబడుతుంది. చెబితే డానీకి ఇచ్చిన మాట పోతుంది. మోసీ మోసీ ఆ మాట కూడా భుజంలాగే అయింది, ఎటు తిప్పినా నొప్పే. లేచాడు.

"మా డానీది."

"డానీ కామెర్లతోని గద పోయింది," అన్నాడు బుచ్చన్న.

"కామెర్లు గాదు బుచ్చన్నా. గీ బీమారే. డెబోరా ఇంట్ల పోయిండు. మీ రక్తం ఎవ్వలు చూడలే. చెయ్యి అలవాటుకొద్ది బోర్డు నంబర్లు రాసిన. నిజంగ బీమారి ఉన్నోనిది ఒక్కటే రాయలే. తప్పు నాదే."

ఇంకెవరూ మాట్లాడకముందే పక్కన పెట్టిన రేకు వెతికి 1158 వేశాడు. ఎనిమిది కొంచెం వంకర పోయింది. తీసుకుపోయి మేకుకు తగిలించాడు.

"పదకొండు యాభై ఎనిమిది," అన్నాడు ఆగయ్య, లాంపు రూము కిటికీలోంచి అన్నట్టే. "వచ్చిండు."

బుచ్చన్న జేబులోంచి వంద తీసి డబ్బాలో వేశాడు. "నాది నేను తీసుకుంట. పక్కోనిది ముట్ట." 1147 తీసుకున్నాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. దయతోనో భయంతోనో డెబోరా అడగలేదు. ఆ రెండింటికీ ఒక్క అక్షరమే తేడా, నోటు మీద అది కూడా రాసి ఉండదు. రాని వాళ్ల బిళ్ళల కోసం కబురుపోయింది, పెళ్లాలు వచ్చి పట్టుకుపోయారు. సారలమ్మ డెబోరా పక్కకు జరిగి మెల్లగా అడిగింది: "గా పరీక్ష ఎంతసేపు పడ్తదక్కా? ఇద్దరం చేయించుకుంటం. ఓవర్‌టైము సంగతి గప్పుడే తెలుస్తది."

ఎల్లేశం తన బిళ్ళ తీసుకున్నాడు గానీ, యిర్మియా అందించిన టీ గ్లాసు ముట్టకుండా బయటికి పోయాడు. ఇరవై ఏళ్లు ఒకే కప్పులో సగం సగం తాగిన మనిషి.

"అంకుల్, మీరు చేసిందే అసలు ఆర్ట్," అంది రమ కళ్లు తుడుచుకుంటూ.

"ఏదో ఒకటిగని, జర కుర్చీ ఇటియ్యి బిడ్డా."

పొద్దుగూకే వేళకు లిడియా వచ్చింది. మాట ఆమెకంటే ముందే నల్లా దగ్గరికి చేరి ఉంటుందని యిర్మియాకు తెలుసు.

"చెప్పినవట."

"చెప్పిన."

"వానికి మాటిచ్చినవు గద."

"ఇచ్చిన."

ఆమె పక్క కుర్చీలో కూలబడింది. "రెండేండ్ల సంది కామెర్లు కామెర్లని చెప్పి నోరు నొప్పి వెట్టింది. మొన్న ఒకామె, కామెర్లకు ఏం మందు వాడిండ్రక్కా అని నన్నే అడిగె. ఏం చెప్పాలె నేను?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపటి సంది నీళ్లకు నువ్వే పో. వాళ్ల మొఖాలు నేను చూడ."

"పోత."

హాలు ఖాళీ అయింది. ఆగయ్య మాత్రం బోర్డు ముందు కుర్చీ వేసుకుని కదలడం లేదు. మేకులన్నీ ఖాళీ. మధ్యలో 1158 ఒక్కటే వేలాడుతోంది.

"ఇంటికి పోదాం పా కాకా," అన్నాడు యిర్మియా.

"గిన్ని మేకులు ఖాళీ పెట్టి ఎట్ల రావాలె రా?"

"అందరు ఇండ్లకే పోయిండ్రే."

"బోర్డు గట్ల చెప్తలేదు గద."

యిర్మియా బోర్డు కేసి చూశాడు. ముసలాయన అన్నది నిజమే. ఊరంతా లోపలే ఉంది. ఎడమ చేత్తో ఆగయ్య రెక్క పట్టుకుని లేపాడు.

"ఒక్కడైతే పైకెక్కిండు గద కాకా," అన్నాడు. "ఇయ్యాల్టికి చాలు, పా."